ఒంట్లో పాత ఇన్ఫెక్షన్, మతిమరుపు: ఏది నిజం, ఏ పరీక్ష ముందు?

ప్రశ్నలమూట
అందరికీ నమస్కారం. అరవై దాటినవాళ్ళకి మతిమరుపు మొదలైతే మన ఇళ్ళల్లో "వయసు మీదపడింది" అంటారు, లేదా "అల్జీమర్స్" అంటారు. ఈ మధ్య మూడో మాట ఒకటి తోడైంది, ఒంట్లో ఎక్కడో బ్యాక్టీరియా దాక్కుని మెదడుని పాడుచేస్తోందని. ఒకరు చిగుళ్ళ జబ్బంటారు, ఒకరు కడుపులో హెచ్. పైలోరీ అంటారు, ఇంకొకరు మూత్రంలో ఇన్ఫెక్షన్ అంటారు. వాట్సాప్ సంగతి పక్కనపెట్టి, తెలిసినవాళ్ళు చెప్పండి. వీటిలో జ్ఞాపకశక్తిని నిజంగా దెబ్బతీసేవి ఏవి? పరీక్షలు ఏ వరుసలో చేయించాలి? ముందో కోర్సు యాంటీబయాటిక్ వాడి చూస్తే పోలా?

నరాలవార్డు
చివరి ప్రశ్నకి ముందు జవాబు: పోదండీ. గుడ్డిగా వాడిన యాంటీబయాటిక్ రెండు రకాలుగా ముంచుతుంది. అసలు జబ్బు సగం అణిగి కల్చర్‌లో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) దొరక్కుండా పోతుంది. పైగా కొన్ని యాంటీబయాటిక్సే పెద్దవాళ్ళకి మతి తప్పిస్తాయి. దాని గురించి మందుల వాళ్ళు వస్తే రాస్తారు.

బ్యాక్టీరియా వల్ల జ్ఞాపకశక్తి మూడు దారుల్లో చెడుతుంది. మొదటిది, క్రిమి నేరుగా మెదడులోకో దాని పొరల్లోకో చేరడం: సిఫిలిస్, టీబీ, బ్రూసెల్లా, చెవి చీము నుంచి వచ్చే గడ్డ. ఇవి తక్కువమందిలోనే కనిపిస్తాయి, కానీ ఇవి మందుకి లొంగుతాయి. రెండోది, క్రిమి దూరంగానే ఉండి దాని వల్ల పుట్టిన వాపు మెదడుదాకా పాకడం. మూడోది పక్కదారి: బి12 తగ్గడం, సోడియం పడిపోవడం, వినికిడి పోవడం, మందుల చెడుగుణం. ఎక్కువమందిలో కనిపించేవి రెండో దారీ, మూడో దారీ.

ఇంట్లోవాళ్ళు ముందు తేల్చాల్సింది ఒక్కటే: ఎన్నాళ్ళ నుంచి? గంటల్లో, రోజుల్లో మొదలై పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటే అది డెలీరియం, అంటే సంధిలాంటి అయోమయం. అది అత్యవసరం. వారాల్లో, రెండుమూడు నెలల్లో దిగజారితే మొదటి దారి జబ్బుల్ని గట్టిగా వెతకాలి. ఏళ్ళ తరబడి మెల్లగా జారుతూ వస్తుంటే ఇన్ఫెక్షన్ ఒక్కటే కారణమయ్యే అవకాశం తక్కువ.

సూక్ష్మదర్శిని
రెండో దారి ఎలా పనిచేస్తుందో చెబుతాను. గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా గోడలో లైపోపాలీశాకరైడ్ ఉంటుంది. అది రక్తంలోకి చేరితే తెల్లకణాలు ఐఎల్-1 బీటా, ఐఎల్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే వాపు రసాయనాల్ని వదులుతాయి. ఆ కబురు మెదడుకి రక్తనాళాల లోపలి పొర ద్వారానూ, వేగస్ నరం ద్వారానూ చేరుతుంది. అక్కడ మైక్రోగ్లియా అనే మెదడు కాపలా కణాలు మేలుకుంటాయి. కొత్త జ్ఞాపకాన్ని నిలిపే హిప్పోక్యాంపస్‌లో ఐఎల్-1 బీటా పెరిగితే నాడీకణాల మధ్య బంధాలు గట్టిపడే పని కుంటుపడుతుంది. జ్వరంలో ఎవరేం చెప్పినా బుర్రకెక్కకపోవడం దీని పుణ్యమే. ఆరోగ్యంగా ఉన్న మెదడు నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. అప్పటికే అల్జీమర్స్ మొదలైనవాళ్ళలో మైక్రోగ్లియా ముందే సగం రెచ్చిపోయి ఉంటుంది కాబట్టి చిన్న ఇన్ఫెక్షన్‌కీ అతిగా స్పందిస్తుంది.

2009లో న్యూరాలజీ పత్రికలో హోమ్స్ బృందం అల్జీమర్స్ రోగుల్ని ఆరు నెలలు గమనించి రాసింది. మధ్యలో ఇన్ఫెక్షన్‌లాంటి ఏదో ఒక వాపు వచ్చినవాళ్ళలో మతి తగ్గే వేగం రెట్టింపు ఉంది. మొదటినుంచీ టీఎన్ఎఫ్ ఎక్కువ ఉన్నవాళ్ళలో నాలుగు రెట్లు. 2010లో జామా అనే వైద్యపత్రికలో ఇవాషినా బృందం తీవ్ర సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా దెబ్బతీసే స్థితి) నుంచి బయటపడ్డ వృద్ధుల లెక్క ఇచ్చింది: ఓ మోస్తరు నుంచి తీవ్రమైన జ్ఞాపక లోపం ఉన్నవాళ్ళు సెప్సిస్‌కి ముందు 6.1 శాతం, తర్వాత 16.7 శాతం. బతికి ఇంటికొచ్చారు కదా అనుకుంటే సరిపోదు.

కృష్ణాతీరం
మరి మూత్రం ఇన్ఫెక్షన్? పెద్దావిడ కాస్త తికమకగా మాట్లాడగానే యూరిన్ కల్చర్ రాయడం, ఏదో ఒక క్రిమి పెరగడం, మందు మొదలెట్టడం… ఇదే నడుస్తోంది.

డ్యూటీసిస్టర్
అసలు చిక్కంతా అక్కడే ఉంది. వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల ఉండే ఆడవాళ్ళలో నాలుగో వంతు నుంచి సగందాకా, ఏ బాధా లేకపోయినా, మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. నెలల తరబడి కాథెటర్ (మూత్రం గొట్టం) ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ ఉంటుంది. అది కాపురం పెట్టిన బ్యాక్టీరియా, జబ్బు కాదు. అమెరికా అంటువ్యాధుల సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం అయోమయం ఉన్న వృద్ధులకి మూత్రంలో బ్యాక్టీరియా దొరికినా, జ్వరం గానీ బీపీ పడిపోవడం గానీ మూత్రంలో మంట గానీ లేకపోతే వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వకుండా వేరే కారణాలు వెతుకుతూ కనిపెట్టుకుని ఉండాలి.

ఆ వేరే కారణాలు మామూలువే: నాలుగు రోజులుగా మలబద్ధకం, మూత్రం బిగపట్టి పొట్ట కింద ఉబ్బడం, నీళ్ళు తాగకపోవడం, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, కొత్తగా మొదలెట్టిన నిద్రమాత్ర, జలుబు సిరప్, కళ్ళజోడో చెవి మిషనో ఇంట్లో మర్చిపోయి రావడం. మూత్రం వాసన, రంగు చూసి ఇన్ఫెక్షనని తేల్చకండి.

శాంపిల్ తీసే పద్ధతి కూడా చెప్పేస్తాను, సగం తప్పుడు రిపోర్టులు ఇక్కడే పుడతాయి. ముందు నీళ్ళతో కడిగి తుడవాలి. మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. కాథెటర్ ఉంటే సంచిలోంచి పట్టకూడదు, గొట్టం మీదున్న పోర్టుని స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి. కాథెటర్ వేసి చాలా రోజులైతే పాతది తీసేసి కొత్తది వేశాకే శాంపిల్. గంటలోపు ల్యాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. గదిలో మూడు గంటలుంచిన శాంపిల్‌లో క్రిములు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి.

డెలీరియం పట్టుకోవడానికి ఒక చిన్న ఉపాయం: వారాల పేర్లు వెనకనుంచి చెప్పమనండి. శనివారం, శుక్రవారం, గురువారం… మతిమరుపు మాత్రమే ఉన్నవాళ్ళు, జబ్బు ముదరకపోతే, మెల్లగానైనా లాక్కొస్తారు. డెలీరియంలో ఉన్నవాళ్ళు రెండో పేరు దగ్గరే దారి తప్పి కిటికీలోకి చూస్తారు, లేదా ముందుకి చెప్పడం మొదలెడతారు. గోల చేయకుండా మగతగా పడుకుని ఉండేదీ డెలీరియమే. దాన్ని "హాయిగా నిద్రపోతున్నారు" అని వదిలేస్తారు, అదే ప్రమాదం.

ల్యాబ్‌కోటు
సిఫిలిస్ గురించి ఎవరూ నోరు మెదపట్లేదు. పెద్దాయనకి ఆ పరీక్ష ఏమిటని ఇంట్లోవాళ్ళు కోప్పడతారని డాక్టర్లే రాయరు. సుఖవ్యాధి సోకిన పది, ఇరవై ఏళ్ళకి మెదడు మీద పడొచ్చు, అప్పటికి పాత పుండు సంగతి రోగికే గుర్తుండదు. ఒకప్పుడు దీన్ని జనరల్ పారసిస్ అనేవారు, పిచ్చాసుపత్రుల్లో మంచాలు నిండిపోయేవి. ఆ రోగుల మెదళ్ళలో ట్రెపొనీమా క్రిమిని నొగుచి, మూర్ 1913లో చూపించారు. క్రిమి వల్ల మతి పోతుందని తిరుగులేకుండా రుజువైన మొదటి జబ్బుల్లో ఇదొకటి.

పరీక్షలో జరిగే తప్పులు:
సిఫిలిస్‌కి మామూలుగా చేసే రక్తపరీక్షలు వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్ ఆఖరి దశలో చాలామందికి నెగటివ్ వస్తాయి. మతిమరుపు కేసులో వీడీఆర్‌ఎల్ ఒక్కటే చేసి "లేదు" అనేయడం తప్పు. ట్రెపొనీమా యాంటీబాడీల్నే వెతికే టీపీహెచ్ఏ కూడా చేయాలి. అది ఒకసారి పాజిటివ్ అయితే చికిత్స అయ్యాక కూడా దాదాపు జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. కాబట్టి ఇప్పుడు జబ్బు ఉందా, తగ్గిందా అన్నది దాంతో తేలదు.
రెండోది ప్రోజోన్. యాంటీబాడీలు మరీ ఎక్కువుంటే, పలచన చేయని సీరంతో గుచ్ఛాలు కట్టవు, నెగటివ్‌లా కనిపిస్తుంది. అనుమానం గట్టిగా ఉంటే "పలచన చేసి మళ్ళీ చూడండి" అని ఫారం మీద రాయాలి. మేం 1:16 దాకా పలచన చేసి చూస్తాం. రాయకపోతే ఎవరూ చేయరు.
మూడోది, వెన్నునీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు, నడుము దగ్గర సూదితో తీస్తారు) చేయాల్సింది వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్ కాదు. వెన్నునీటి వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వస్తే (సూది గుచ్చినప్పుడు రక్తం కలవకపోతే) జబ్బు ఉన్నట్టే. నెగటివ్ వస్తే లేదని కాదు, అప్పుడు కణాల లెక్క, ప్రోటీన్ చూసి తేల్చాలి.

నరాలవార్డు
@ల్యాబ్‌కోటు గారు చెప్పినదానికి చికిత్స జోడిస్తాను. న్యూరోసిఫిలిస్‌కి పెనిసిలిన్-జి నరంలోకి రోజుకి 1.8 నుంచి 2.4 కోట్ల యూనిట్లు: 4 గంటలకోసారి 30–40 లక్షలు, 10 నుంచి 14 రోజులు. వారానికోసారి పిరుదుకిచ్చే బెంజతీన్ పెనిసిలిన్ 24 లక్షల సూది చాలదు, ఆ మందు వెన్నునీటిలోకి చాలినంత చేరదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. తొలి 24 గంటల్లో చలిజ్వరం రావచ్చు. అది మందు పడకపోవడం కాదు, చచ్చిన క్రిముల వల్ల వచ్చే స్పందన, దానికి పెనిసిలిన్ ఆపక్కర్లేదు. తర్వాత నెలల్లో వీడీఆర్‌ఎల్ టైటర్ (ఎంత పలచన చేసినా ఇంకా పాజిటివ్ వస్తోందన్న లెక్క) నాలుగో వంతుకి దిగాలి, 1:32 ఉంటే 1:8కి. హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి.

పెనిసిలిన్‌కి ముందు ఈ జబ్బుకి మలేరియా ఎక్కించి జ్వరంతో తగ్గించేవారు. ఆ పనికి వాగ్నర్-యౌరెగ్‌కి 1927లో నోబెల్ కూడా వచ్చింది. ఇప్పుడు వింటే గుండె ఝల్లుమంటుంది.

మందు పడ్డాక మతి వెనక్కి వస్తుందా అంటే, తొందరగా పట్టుకుంటే చాలావరకు వస్తుంది. మెదడు కుంచించుకుపోయాక ఉన్నచోట ఆగుతుంది, అంతే.

క్షయశాఖ
మన రాష్ట్రాల్లో నా దృష్టిలో మొదట అనుమానించాల్సింది టీబీ మెదడుపొర వాపు. మామూలు మెనింజైటిస్‌లా రెండు రోజుల్లో పడేయదు. రెండుమూడు వారాలు సాయంత్రం జ్వరం, తలనొప్పి, ఆకలి లేకపోవడం, చిరాకు, పేర్లు మర్చిపోవడం, డబ్బు లెక్కలో తప్పులు. మెడ బిగుసుకోవడం ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానేరాదు. "టైఫాయిడ్" అని రెండు ఆసుపత్రులు తిరిగి, మూడోచోట మగతలో దిగుతారు.

జ్ఞాపకం ఎందుకు పోతుందంటే, జిగట చీము మెదడు అడుగున పేరుకుంటుంది. అక్కడినుంచి పైకి వెళ్ళే సన్న రక్తనాళాలు వాచి మూసుకుపోయి చిన్నచిన్న స్ట్రోకులు వస్తాయి. వెన్నునీరు పారే దారి మూసుకుపోయి మెదడులో నీరు నిలుస్తుంది, దాన్నే హైడ్రోకెఫలస్ అంటారు. సోడియం పడిపోతుంది. నాలుగోది గడ్డలు, అంటే టుబర్క్యులోమా. ఈ నాలుగింటికీ వేరువేరు చికిత్స. "టీబీ మందు వాడుతున్నాం, ఇంకా మగతగానే ఉన్నారు" అంటే ఈ నాలుగింటిలో ఏది మిగిలిపోయిందో చూడాలి. నీరు నిలిస్తే గొట్టం వేసి పొట్టలోకి మళ్ళించాలి, అంటే షంట్. మందుబిళ్ళతో అది తగ్గేదాకా కూర్చోవడం కుదరదు.

వెన్నునీరు కనీసం 6 మి.లీ. పంపాలి, 10 ఇస్తే ఇంకా మంచిది. 1 మి.లీ. పంపి సీబీన్యాట్ (టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) నెగటివ్ అని టీబీ లేదనుకోవడం ఘోరం. దాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున చేరినది పరీక్షించాలి. అంత చేసినా నెగటివ్ వస్తే జబ్బు లేదని కాదు: లింఫోసైట్లు అనే తెల్లకణాలు పెరిగి, ప్రోటీన్ పెరిగి, గ్లూకోజ్ తగ్గి ఉంటే రుజువు కోసం ఆగకుండా మందు మొదలెడతారు.

మందు రెండు నెలలు నాలుగు రకాలు (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్), తర్వాత మూడు రకాలతో కలిపి మొత్తం కనీసం ఏడాది. ఊపిరితిత్తుల టీబీలా ఆరు నెలలకి ఆపేస్తే తిరగబెడుతుంది. కలిపిన బిళ్ళలు 35–49 కిలోలవాళ్ళకి 3, 50–64 కిలోలవాళ్ళకి 4, పరగడుపున ఒకేసారి. మొదటి 6–8 వారాలు డెక్సామెథసోన్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. 2004లో వియత్నాంలో 545 మందిపై జరిగిన పరీక్షలో ఆ స్టెరాయిడ్ మరణాల్ని 41.3 శాతం నుంచి 31.8 శాతానికి తగ్గించింది. బతికినవాళ్ళలో తీవ్ర వైకల్యాన్ని మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. అందుకే పూర్తి మగతలోకి జారకముందే మందు పడాలి.

బందరురోడ్డు
@క్షయశాఖ గారూ, మందు వాడుతుండగా మతి ఇంకా తప్పితే?

క్షయశాఖ
వరసగా చూడండి. సోడియం. లివర్ పరీక్ష (కళ్ళు పచ్చబడటం, వాంతులు). మళ్ళీ స్కాన్. తర్వాత మందుల గొడవ: ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడుతుంటే ఐసోనియాజిడ్ దాన్ని ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. తూలుడు, మగత, కళ్ళు అదరడం వస్తే ఫెనిటాయిన్ మోతాదు రక్తంలో చూడాలి. రిఫాంపిసిన్ దానికి ఎదురు, షుగర్ బిళ్ళల్నీ స్టెరాయిడ్‌నీ త్వరగా కరిగించేస్తుంది. కాబట్టి షుగర్ అదుపు తప్పి అయోమయం రావచ్చు. ఐసోనియాజిడ్ బి6ని తగ్గిస్తుంది, పైరిడాక్సిన్ రోజుకి 10 మి.గ్రా. తోడుగా ఉందో లేదో చీటీ చూసుకోండి. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఇథాంబ్యుటాల్ సంగతి అదేరోజు చెప్పాలి.

పళ్ళచావిడి
చిగుళ్ళ గురించి. దీర్ఘకాలిక చిగుళ్ళ జబ్బులో ముఖ్యమైన క్రిమి పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. 2019లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చిన పేపరు ప్రకారం అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ళ మెదళ్ళలో ఈ క్రిమి వదిలే జింజిపైన్ అనే ఎంజైములు దొరికాయి. ఎలుకల నోట్లో క్రిమి పూస్తే మెదడులో అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో పేరుకునే ప్రోటీన్) పెరిగింది. కాబట్టి దీన్ని వట్టి ఫార్వర్డు అని కొట్టిపారేయలేం. చిగుళ్ళ జబ్బున్నవాళ్ళలో మతిమరుపు ఎక్కువని చాలా దేశాల లెక్కలు కూడా చూపిస్తున్నాయి.

సూక్ష్మదర్శిని
కొట్టిపారేయొద్దు, నెత్తినా పెట్టుకోవద్దు. అదే ఆలోచన మీద జింజిపైన్‌ని అడ్డుకునే అటుజాజినస్టాట్ అనే మందు తయారుచేసి 643 మంది మీద పరీక్షించారు. 2021 అక్టోబరులో ఫలితం వచ్చింది: జ్ఞాపకశక్తి తగ్గుదల మొత్తంమీద ఆగలేదు, పైగా లివర్ ఇబ్బంది కనిపించింది. లెక్కల విషయానికొస్తే, మతి తగ్గుతున్న మనిషి పళ్ళు తోముకోవడమూ మర్చిపోతాడు. చిగుళ్ళు ముందు చెడ్డాయా, మతి ముందు చెడిందా? పొగాకు, షుగర్, పేదరికం రెండింటికీ ఉమ్మడి కారణాలు.

పళ్ళచావిడి
ఒప్పుకుంటాను, "పళ్ళు క్లీన్ చేయిస్తే అల్జీమర్స్ రాదు" అని నేనూ ఎవరికీ చెప్పను. కానీ మతిమరుపు ఉన్న మనిషికి నోటి శుభ్రత వేరే కారణాలతో ముఖ్యం. నోటిలోని క్రిములు ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి, ఆ న్యుమోనియా డెలీరియం తెస్తుంది. నమలలేక తిండి తగ్గుతుంది. చిగుళ్ళు బాగుపడితే షుగర్ కూడా కాస్త అదుపులోకి వస్తుంది.

చేయాల్సింది: పంటికీ చిగురుకీ మధ్య సందు 3 మి.మీ. లోపుంటే సరే. 4, అంతకు మించి ఉండి కొలిచేటప్పుడు రక్తం వస్తే లోతుగా, వేరు మీదున్న గారదాకా తీయాలి. 6–8 వారాలకి మళ్ళీ కొలవాలి. కేవలం పైపైన పాచి తీసేసి పంపిస్తే లోపలి గార అలాగే ఉంటుంది. ఇంట్లో మెత్తటి బ్రష్, బఠాణీ గింజంత పేస్టు. వెనక నిలబడి ఒక చేత్తో గడ్డం పట్టుకుని తోమాలి, ఎదురుగా నిలబడితే వాళ్ళు భయపడి నోరు బిగిస్తారు. కట్టుడుపళ్ళు రాత్రి తీసి కడిగి నీళ్ళలో ఉంచాలి. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి వద్దు. పళ్ళ కోసం యాంటీబయాటిక్ బిళ్ళలు కొని మింగితే చిగుళ్ళ సందులో గార కరగదు.

మందులచీటీ
పక్కదారి గురించి నేను రాస్తాను. హెచ్. పైలోరీ నేరుగా మెదడుకి పోదు. ఏళ్ళ తరబడి కడుపు లోపలి పొరని పలచబరిస్తే ఆమ్లం తగ్గి, ఆహారంలోని బి12 విడివడదు. దానికి తోడు రెండేళ్ళకి మించి పాంటాప్రజోల్‌లాంటి గ్యాస్ బిళ్ళ, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, పైగా శాకాహారం. నాలుగూ కలిస్తే బి12 అడుగంటుతుంది. మన ఇళ్ళల్లో ఈ కలయిక కొల్లలు. మతిమరుపు, నడకలో తూలుడు, అరికాళ్ళ తిమ్మిరి కలిసి ఉంటే ముందు బి12 చూడండి. 200 పీకోగ్రాములలోపు అయితే లోటు ఉన్నట్టే. 200–300 మధ్య అనుమానం, అప్పుడు మిథైల్ మలోనిక్ ఆమ్లం గానీ హోమోసిస్టీన్ గానీ చేయించాలి. లోటు ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం చెడుతూనే ఉంటాయి. నరాల లక్షణాలుంటే ముందు సూదులే, బిళ్ళలు తర్వాత.

హెచ్. పైలోరీ పరీక్ష శ్వాసతో గానీ మలంతో గానీ చేయించండి. రక్తపరీక్ష పాత ఇన్ఫెక్షన్‌కీ పాజిటివ్ వస్తుంది. పరీక్షకి ముందు గ్యాస్ బిళ్ళ 2 వారాలు, యాంటీబయాటిక్ 4 వారాలు ఆపి ఉండాలి, లేకపోతే ఉన్నా లేదని వస్తుంది. కోర్సు 14 రోజులు. క్రిమి పోయినంత మాత్రాన మతి తిరిగి వస్తుందని ఆశపెట్టుకోకండి. వస్తే బి12 వల్ల.

ఇక పెద్దవాళ్ళకి మతి తప్పించే యాంటీబయాటిక్స్. సెఫెపిమ్: కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి మోతాదు తగ్గించకపోతే అయోమయం, కండరాల అదురు. మెట్రోనిడజోల్: వారాల తరబడి వాడితే తూలుడు, నత్తి, ఎంఆర్‌ఐలో చిన్నమెదడులో మచ్చలు, ఆపితే సాధారణంగా తగ్గుతుంది. సిప్రో, లీవోఫ్లాక్సాసిన్: వీటి లేబుల్ మీద జ్ఞాపకలోపం, ఏకాగ్రత లోపం, డెలీరియం హెచ్చరికలు ఉండాలని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో పట్టుబట్టింది. షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళలో ఇవి చక్కెరని ఉన్నట్టుండి పడేయగలవు కూడా. లినెజోలిడ్‌ని డిప్రెషన్ మందులతో కలిపినా అయోమయం రావచ్చు. "ఇన్ఫెక్షన్ ముదిరి మతి తప్పింది" అనుకునే ముందు ఏ మందు ఏ రోజు మొదలైందో కాగితం మీద గీసి చూడండి.

పాడిపంట
పశువుల వైపు నుంచి. ఈసుడు రోగం, అదే బ్రూసెల్లోసిస్. గేదె, గొర్రె, మేక నెలలు నిండకుండా ఈసుకుపోతే మాయని వట్టి చేతులతో లాగేవాళ్ళకి, పచ్చిపాలు తాగేవాళ్ళకి, కబేళాల్లో పనిచేసేవాళ్ళకి సోకుతుంది. వచ్చిపోయే జ్వరం, తడిసి ముద్దయ్యే చెమట, నడుంనొప్పి, వృషణాల వాపు. కొద్దిమందిలో మెదడు పొరల్లోకి చేరి మతిమరుపు, దిగులు, వినికిడి లోపం తెస్తుంది. టీబీలాగే కనిపిస్తుంది కాబట్టి టీబీ మందు పడుతుంది, అందులోని రిఫాంపిసిన్‌కి కొంత తగ్గినట్టే ఉండి మళ్ళీ తిరగబెడుతుంది. డాక్టరు అడగకపోయినా "ఇంట్లో పశువులున్నాయి, ఫలానా నెలలో ఈసుకుపోయింది" అని చెప్పండి.

కాస్తే క్రిమి చస్తుంది: 63 డిగ్రీల దగ్గర అరగంట, లేదా 72 దగ్గర 15 సెకన్లు. ఇంట్లో ఒక పొంగు వస్తే చాలు. ఈసుకుపోయిన దూడనీ మాయనీ చేతికి తొడుగు వేసుకుని లోతుగా గుంట తీసి, సున్నం వేసి పూడ్చాలి, కుక్కలకి వదలకూడదు. ఆడదూడలకి 4–8 నెలల మధ్య ఎస్-19 టీకా ఒక్కసారి. అది బతికున్న క్రిమి టీకా, వేసేవాళ్ళ చేతికి సూది గుచ్చుకున్నా, కంట్లో పడ్డా జబ్బు సోకుతుంది.

ల్యాబ్‌కోటు
@పాడిపంట గారు చెప్పినదానికి చిన్న జోడింపు. బ్రూసెల్లా అనుమానం ఉంటే కల్చర్ పంపేటప్పుడు ఫారం మీద రాయండి. గాల్లోకి లేచి ల్యాబ్ వాళ్ళకే అంటుకునే క్రిమి అది, మామూలు బల్ల మీద తెరవం. మెల్లగా పెరుగుతుంది కాబట్టి సీసా ఎక్కువ రోజులు ఉంచాలి. గొట్టంలో చేసే అగ్లుటినేషన్ (గుచ్ఛాలు కట్టే) పరీక్షలోనూ ప్రోజోన్ ఉంది, దీన్ని 1:320 దాటి పలచన చేసి చూడాలి. మెదడుకి పాకితే డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, సెఫ్‌ట్రయాక్సోన్ కలిపి నెలల తరబడి వాడతారు. ఆరు వారాల మామూలు కోర్సు చాలదు.

చెవిముక్కు
చెవిలో ఏళ్ళ తరబడి చీము కారుతుంటే చిన్న విషయం అనుకోవద్దు. చీము వాసన వేస్తూ, కొంచెంకొంచెంగా వస్తుంటే కొలెస్టియటోమా (చెవి లోపల పెరిగే చర్మపు ముద్ద) ఉండొచ్చు, అది ఎముకని తొలిచేస్తుంది. పైకి తొలిస్తే టెంపోరల్ లోబులో (చెవికి పైనుండే మెదడు భాగంలో) గడ్డ కడుతుంది. తలనొప్పి, వాంతులు, ఎడమవైపైతే వస్తువుల పేర్లు గుర్తురాకపోవడం ("అదే, అది… రాసేది" అంటారు). మందు ఎక్కించి స్కాన్ అదేరోజు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయకండి. దూదిని వత్తిలా చేసి ఆరేదాకా తుడిచి, ఆ తర్వాతే డాక్టరిచ్చిన చుక్కలు. చీము నిండిన చెవిలో చుక్కలు లోపలికి దిగవు.

జెర్సీగట్టు
అమెరికాలో ఉండేవాళ్ళ తరఫున అడుగుతున్నాను. ఇక్కడ మతిమరుపు, నీరసం అనగానే "క్రానిక్ లైమ్" అని నెలల తరబడి సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కించే క్లినిక్కులున్నాయి. అర్థం ఉందా?

నరాలవార్డు
లైమ్ జబ్బు నిజమే. ఈశాన్య అమెరికాలో ఇక్సోడెస్ పిడుదు కుడితే బొరీలియా అనే బ్యాక్టీరియా సోకుతుంది. నరాల మీదకి వస్తే ముఖం వంకర పోవడం, మెనింజైటిస్, నరాల నొప్పి. 2–3 వారాల మందుతో తగ్గుతుంది. ఆ తర్వాత కూడా మిగిలే మందగింపుకి 2001లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చిన పరీక్షలో 90 రోజుల యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు, ఉత్తుత్తి మందుకన్నా మేలు కనిపించలేదు. నెలల తరబడి నరంలో ఉంచిన గొట్టం నుంచి రక్తంలో ఇన్ఫెక్షన్, గడ్డకట్టడం మాత్రం వస్తాయి. రెండంచెల రక్తపరీక్ష పద్ధతిలో పాజిటివ్ లేకుండా ఆ దారి పట్టొద్దు. ఇండియా నుంచి నెల కిందట వచ్చిన తల్లిదండ్రుల మతిమరుపుకి లైమ్ వెతకడంకన్నా బి12, థైరాయిడ్, టీబీ చూడటం మేలు.

@ప్రశ్నలమూట గారు వరుస అడిగారు. మొదటి రోజు: మందుల చీటీలన్నీ ఒకచోట, షుగర్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), రక్తకణాల లెక్క, వాపుని కొలిచే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ, థైరాయిడ్, బి12, హెచ్ఐవీ, వీడీఆర్‌ఎల్‌తో పాటు టీపీహెచ్ఏ, ఛాతీ ఎక్స్‌రే. గుండె కవాటం జబ్బుండి వారాలుగా సన్నజ్వరం ఉంటే యాంటీబయాటిక్‌కి ముందే వేరువేరు చోట్ల నుంచి మూడు బ్లడ్ కల్చర్లు. తర్వాత ఎంఆర్‌ఐ. దిగజారుడు వారాల్లో జరుగుతుంటే, జ్వరం, తలనొప్పి ఉంటే, టీపీహెచ్ఏ పాజిటివ్ అయితే వెన్నునీరు. జ్ఞాపకశక్తి కొలిచే పరీక్ష జ్వరం ఉన్నప్పుడు చేయించొద్దు, తగ్గిన రెండుమూడు నెలలకి కళ్ళజోడు, చెవి మిషన్ పెట్టి చేయించండి. ఆ పరీక్షలకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) టూల్‌బాక్స్ తెలుగులో ఉంది. ఇంగ్లీషు ప్రశ్నల్ని అప్పటికప్పుడు తర్జుమా చేసి అడిగితే మార్కులు ఊరికే పడిపోతాయి.

కృష్ణాతీరం
వెన్నునీరు అనగానే సంతకం పెట్టకుండా లేచిపోతారు, నడుము పడిపోతుందని.

నరాలవార్డు
పెద్దవాళ్ళలో వెన్నుపాము మొదటి, రెండో నడుం పూసల మధ్యే ఆగిపోతుంది. సూది గుచ్చేది మూడు–నాలుగు లేదా నాలుగు–ఐదు పూసల మధ్య. అక్కడ నీళ్ళలో తేలే నరాల పోగులే ఉంటాయి, అవి పక్కకి జరుగుతాయి. మామూలుగా వచ్చేది లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి. సన్నటి, మొనదేలని సూది వాడితే అదీ తక్కువ. చేయకూడనివి ఉన్నాయి: మెదడులో ఒత్తిడి ఉందన్న సూచన (మగత, ఒకవైపు బలం తగ్గడం, కంటినరం వాపు) ఉంటే ముందు స్కాన్. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నా, వార్ఫరిన్‌లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతున్నా ముందే చెప్పాలి.

ల్యాబ్‌కోటు
వెన్నునీరు పట్టే గొట్టాల మీద 1, 2, 3 అని వరుస రాయించండి. మొదటిది బయోకెమిస్ట్రీకి, రెండోది కల్చర్‌కి, చివరిది కణాల లెక్కకి. అదే సమయంలో చేతి నుంచి రక్తం తీసి షుగర్ చేయాలి. రక్తంలో ఎంతుందో తెలియకుండా వెన్నునీటి గ్లూకోజ్ తక్కువా ఎక్కువా చెప్పలేం. కల్చర్ గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, కొన్ని క్రిములు చలికి చచ్చిపోతాయి. గంటలోపు కౌంటర్‌లో ఇచ్చి, అందిన టైము ఫారం మీద వేయించుకోండి. ఆలస్యమైతే కణాలు కరిగిపోతాయి, లెక్క తక్కువొస్తుంది.